తులసిమాల ఇంట్లో సోయా బర్గర్

నిజామాబాద్ నుంచి బోధన్ వచ్చే బస్సుల మీద నాకు ఒకటే ఫిర్యాదు. వాటి కిటికీలు ఎండాకాలం తెరుచుకోవు, వానాకాలం మూసుకోవు. ఒక ఆదివారం పొద్దున అలాంటి కిటికీ పక్కనే కూర్చుని, ఒళ్లో ఉన్న బేకరీ బన్నుల మీద జల్లు పడకుండా వాటి మీదికి వంగి, ఎడపల్లి దాటించాను. బన్నులు పొడిగానే దిగాయి. నా సంగతి అడగకండి.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్త రోజులవి. చక్కెర ఫ్యాక్టరీలో రిటైరయ్యాక మా నాన్న, అదే మా బాపు, పండరిపురం పోయి మెడలో తులసిమాల వేసుకుని వచ్చాడు. ఆ మాల పడ్డాక మాంసం ముట్టరు. మాంసం వండే గిన్నెలను అవ్వ, అంటే మా అమ్మ, ఆ వారమే పక్కింటికి ఇచ్చేసింది. అంతకుముందు బాపుకు ఆదివారమంటే ఖీమా. ఇప్పుడు ఆదివారం ఆదివారం మా గిన్నెల్లోంచే ఖీమా వాసన గోడ దాటి మా ఇంటికి వచ్చేది. బాపు చెప్పులేసుకుని చెరుకు తోటల వైపు నడిచేవాడు. వచ్చి రెండు ముద్దలు తిని లేచేవాడు. మనిషి సగమయ్యాడు. ఆకలి లేదనేవాడు. ఎవరూ నమ్మలేదు, ఎవరూ కాదనలేదు.

నిజామాబాద్‌లో నేను తిన్న సోయా బర్గర్ అందుకే గుర్తొచ్చింది. మాల మాలే ఉంటుంది, కడుపూ నిండుతుంది అనుకున్నాను. డిగ్రీ చదివినవాడికి ఈ మాత్రం తోచకపోతే ఎట్లా?

బన్నులతో పాటు నేను తెచ్చిన పాకెట్‌లోని సోయా చూరను వేడినీళ్లలో నానబెట్టి, పిండుతూ అవ్వ అడిగింది.

"గిదేందిర, బర్లకు పెట్టే దాణ లెక్కున్నది?"

"పట్నంల మనుషులే తింటున్నరవ్వా."

"ఆళ్లకు బర్లు లేవు గద, ఏం జేస్తరు!"

ఉడికిన ఆలుగడ్డ, పచ్చిమిర్చి, కొత్తిమీర కలిపాను. నేను ఉల్లిగడ్డ కోసే లోపల అవ్వ చెయ్యి పాత అలవాటున పై అరలోకి పోయింది. గిన్నెలు పోయినా అక్కడ ఖీమా మసాలా డబ్బా ఉండిపోయింది. లవంగం, దాల్చినచెక్క, షాజీర దంచి వేసి, అల్లం వెల్లుల్లి దట్టంగా పట్టించింది. పెంక మీద బిళ్లలు ఎర్రగా కాలుతుంటే పక్కింటి వాళ్లు గోడ మీదినుంచి తొంగిచూశారు. మేం గర్వపడ్డాం.

బాపు బన్ను కొరికాడు. నమిలాడు. ఇంకోసారి కొరికాడు. రెండోది కొంచెం తొందరగా. అంతలో ఆగి, ఎడమ చేత్తో మాల పట్టుకున్నాడు.

"గిదేంది?"

"సోయ, బాపు. గింజలు."

"గింజలకు గీ వాసనెట్లొస్తది?"

"నా చేతులతోనే పిండిన," అంది అవ్వ. "నీ మాల మీద ఒట్టు."

నేను పాకెట్ తెచ్చి దాని మీద శాకాహారమని చెప్పే పచ్చ చుక్క చూపించాను. బాపు కళ్లద్దాలు పెట్టుకుని ఆ చుక్కను, జీతం చీటీ చూసినంత శ్రద్ధగా చూశాడు. నమ్మాడు. హమ్మయ్య అనుకుని ఇంకో బర్గర్ పళ్లెంలో పెట్టబోయాను. బాపు పళ్లెం మీద చెయ్యి అడ్డం పెట్టాడు. సగం తిన్న బన్నును మెల్లగా కింద పెట్టి, నీళ్లు తాగి, నా వైపు చూశాడు.

"మాంసం కాదు, మంచిదే. గా రుసి మర్సేటందుకు నా పానం పోయిందిర. మల్ల యాది జేస్తివి."