గాజుపెంకుల మీద నడిచొచ్చిన మసిగాడు

జారిన అద్దాన్ని పట్టుకోకూడదు. అద్దాల పనిలో మొదటి పాఠం ఇదేనట. పలక చేతిలోంచి జారితే రెండు చేతులూ పైకెత్తి ఒక అడుగు వెనక్కి వేయాలి. పోతే పలక పోతుంది, చెయ్యి మిగులుతుంది. మా వీధిలో అద్దాలు కోసే ఆయన ఈ పాఠాన్ని తన కూతురికి మాటలు వస్తున్న వయసులోనే నేర్పాడు. వంటింట్లో నీళ్ళ గ్లాసు జారినా ఆ పిల్ల చేతులు పైకెత్తి నిలబడేది. "పోలీసులు పట్టుకున్న దొంగలా ఆ నిలబడటమేమిటే" అని తల్లి విసుక్కునేది.

రెండో పాఠం ఇంటిల్లిపాదికీ. ఏదైనా పగిలిందంటే ఎక్కడివాళ్ళు అక్కడే ఆగిపోవాలి. ఆయన చెప్పులు తొడుక్కుని, ఊడ్చి, తడిగుడ్డతో రెండుసార్లు తుడిచి, "ఇక నడవండి" అనేదాకా ఎవరూ కదలకూడదు. వాళ్ళ నల్లకుక్క మసిగాడు కూడా "ఆగు" అన్న మాట వింటే ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉంచేవాడు.

వాళ్ళ పై వాటాలో నేను పదకొండేళ్ళుగా అద్దెకుంటున్నాను. కింద దుకాణం, దాని వెనకే వాళ్ళ రెండు గదులు. పుస్తకాల బీరువాకు అద్దం వేయించుకోవడానికి వెళ్ళినప్పుడు పరిచయమైంది. తర్వాత పని లేకపోయినా వెళ్ళి కూర్చునేవాణ్ణి. కంబళి పరిచిన పెద్ద బల్ల, గోడకు వాలుగా నిలబెట్టిన పలకలు, కిరసనాయిలు వాసన. ఆయన కోత కలాన్ని కిరసనాయిలులో ముంచి, కొలబద్ద ఆనించి ఒకే ఒక గీత గీసేవాడు. గీసిన గీత మీద మళ్ళీ గీయడు. పలకను బల్ల అంచుకు జరిపి బొటనవేళ్ళతో ఒత్తితే టక్కున రెండయ్యేది.

"ఇక్కడికొచ్చినవాళ్ళంతా వాళ్ళ మొహాలే చూసుకుపోతారు సార్. నా మొహం చూసినవాడు ఒక్కడూ లేడు" అనేవాడు.

"చూసి ఏం బావుకుంటారు" అని లోపలినుంచి భార్య అందుకునేది.

పొద్దున్నే మొదటి పలక కోసేముందు కళ్ళు మూసుకుని ఒక్క నిమిషం నిలబడటం ఆయన అలవాటు. "దేవుడు కూడా మా పనివాడే సార్. గీత వెంట్రుకవాసి పక్కకు పోయినా ఒప్పుకోడు" అని ఒకసారి అన్నాడు. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

ఇంత జాగ్రత్తగల మనిషి నోటినుంచే ఒకరోజు రాకూడని మాట వచ్చింది. ఒక బట్టల దుకాణానికి మనిషి ఎత్తుకు మించిన నిలువుటద్దం తయారైంది. మరునాడే అది అక్కడ గోడకెక్కాలి. తండ్రీ కూతుళ్ళు చెరో కొసా పట్టుకుని బల్ల మీదినుంచి దించుతున్నారు. ఆమె వైపు జారింది. నేర్చుకున్న ప్రకారం ఆమె చేతులు వదిలేసింది. "పట్టుకో!" అని అరిచాడు తండ్రి.

ఆమె పట్టుకుంది.

కుడి అరచెయ్యి లోతుగా తెగింది. గాయం మానిందిగాని చివరి రెండు వేళ్ళు ఇక ముడుచుకోవని డాక్టరు చెప్పేశాడు. ఆ చేత్తోనే ఆమె సన్నటి వజ్రపు ములుకుతో అద్దాల అంచుల మీద పూలతీగలు చెక్కేది. ఆ తీగల కోసం ఊరి ఆ చివరినుంచి కూడా మనుషులు వచ్చేవారు.

ఆ తర్వాత మూడు నెలలు ఆయన తన ఇంట్లో తానే పరాయివాడయ్యాడు. దుకాణంలోనే పడక, అక్కడే భోజనం. కూతురు వస్తే ఏదో వెతుకుతున్నట్టు పలకల వెనక్కి పోయేవాడు. పొద్దున్నే కళ్ళు మూసుకుని నిలబడటం మానేశాడు.

"ఆ పిల్ల నన్ను ఒక్క మాట అనదు సార్. తిడితే బాగుండు" అన్నాడు నాతో. మళ్ళీ తనే, "పైవాడు నా చేతుల జోలికి రాలేదు చూడండి. నన్ను ఎక్కడ కోయాలో అక్కడే కోశాడు" అన్నాడు.

మసిగాణ్ణి కూడా దగ్గరికి రానిచ్చేవాడు కాదు. వాడు గుమ్మంలో కూర్చుని తోక ఊపితే చేతిలో ఉన్న గుడ్డ విసిరేవాడు. వాడు ఆ గుడ్డను నోట కరుచుకుని తిరిగి తెచ్చి ఇచ్చేవాడు. "సిగ్గులేని జన్మ" అని తలుపు వేసుకునేవాడు. తలుపు అవతల వాడి గోళ్ళ చప్పుడు చాలాసేపు వినిపించేది.

ఒకరోజు మధ్యాహ్నం ఆయన భార్య మెట్లెక్కి నా గదికి వచ్చింది. అంతకుముందు ఆమె ఎప్పుడూ పైకి రాలేదు.

"ఈయన ఎల్లుండి వెళ్ళిపోతారట మాస్టారూ. మా అక్కగారి ఊళ్ళో గాజు ఫ్యాక్టరీ ఉంది, మా బావగారు పని చూశారు. మళ్ళీ ఎప్పుడొస్తారంటే మాట్లాడరు. అన్నేసి పుస్తకాలు చదివారు, ఒక్క మంచి మాట చెప్పండి."

నా పుస్తకాల్లో ఆ మాట ఎక్కడుందో నాకు తెలియదు. అయినా చెప్పులేసుకుని దిగాను.

నేను దుకాణం వీధి గుమ్మంలో అడుగుపెట్టేసరికి ఆయన పనిముట్లు మూటకట్టేసి ఉన్నాడు. ఆ నిలువుటద్దంలో విరగకుండా మిగిలిన సగం ముక్కను ఇన్నాళ్ళూ గోడవైపు తిప్పి ఉంచాడు. నన్ను చూసి కూడా చూడనట్టే దాన్ని రెండు చేతులా ఎత్తి నేలకేసి కొట్టాడు.

ఆ చప్పుడుకు వెనక గుమ్మంలోకి భార్య, కూతురు పరుగున వచ్చారు. ఆయన పెంకుల నడుమ స్టూలు మీద కూలబడ్డాడు.

"ఆగండి. ఎవరూ రావద్దు."

"చీపురు అందుకోండి, పోనీ నేను..." అంది భార్య.

"ఊడ్చేదేమీ లేదు. వెళ్ళండి."

మేం ముగ్గురం అక్కడే ఆగిపోయాం. వాళ్ళిద్దరిదీ ఏళ్ళ తరబడి అలవాటు, సరే. నా కాళ్ళకు చెప్పులున్నాయి, మా మధ్య ఉన్నది నాలుగు అడుగులు. నేనూ ఆగాను. ఆ నాలుగు అడుగుల సంగతి ఇప్పటికీ నన్ను వదలదు.

అప్పుడు కూతురి కాళ్ళ సందులోంచి మసిగాడు వచ్చాడు.

"ఆగు" అన్నాడు ఆయన.

వాడు ఆగాడు, ఒక కాలు గాల్లో పెట్టి. ఆయన మొహంకేసి చూశాడు. ఎనిమిదేళ్ళలో మొదటిసారి ఆ మాట కాదని కాలు కింద పెట్టాడు. పెంకు చిట్లిన చప్పుడు నాకు వినబడింది. ఆయన మూటలోంచి కొలబద్ద లాగి విసిరాడు. అది డొక్కలో తగిలింది. వాడు కుయ్యిమని అరిచి కూలబడ్డాడు. మళ్ళీ లేచాడు. ఒక్కో అడుగూ ఎత్తి వేసుకుంటూ, ఎర్రటి గుర్తులు వదులుతూ వచ్చి ఆయన మోకాలి మీద గడ్డం ఆనించాడు. తోక నేలను తాకి గాజును కదిలిస్తూనే ఉంది.

ఆయన చాలాసేపు వాణ్ణి ముట్టుకోలేదు. తర్వాత వంగి ఒక కాలు చేతిలోకి తీసుకుని, మూట విప్పి పట్టకారు తీశాడు. ఒక్కో ముక్క లాగుతుంటే వాడు వణుకుతున్నాడు. నొప్పి పెడుతున్న ఆ చేతినే నాకుతున్నాడు.

"కొట్టాను కదరా" అన్నాడు ఆయన.

రెండో కాలు దగ్గర వాడు మెలికలు తిరిగాడు. కూతురు చెప్పులేసుకుని వచ్చి నేల మీద కొంత ఊడ్చి కూర్చుంది. వాడి తలను ఒళ్ళోకి తీసుకుని ఎడమచేత్తో మెడ అదిమింది, కుడి మణికట్టుతో దవడ కింద ఆసరా ఇచ్చింది.

ఆయన ఆమె మొహం చూడకుండా అన్నాడు: "కుక్క. నేనేం చేశానో వీడికి తెలీదు. తెలీదు కాబట్టి వచ్చాడు."

"నాకు తెలుసు నాన్నా" అంది ఆమె.

పట్టకారు ఆగింది.

"కోపం లేదనుకుంటున్నావా? ఉంది. పొద్దున్నే జడ వేసుకోవడం కుదరనప్పుడల్లా వస్తుంది. ఎదురుగా ఉంటే నిన్నే అనేదాన్ని. నువ్వు ఉండవు కదా, అమ్మను అంటున్నాను."

"రోజూ నాకే అక్షింతలు" అంది తల్లి గుమ్మంలోంచి.

"అయితే అను. ఇప్పుడే అను" అన్నాడు ఆయన.

"అంటాను. ముందు వీడి కాలి పని కానివ్వు." కాసేపటికి తనే మళ్ళీ అంది, "కోపం వస్తే నువ్వు నాన్నవి కాకుండా పోతావా? ఏం మాట అది."

దేవుడి ప్రేమ అర్హత చూడదని నేను ఎన్నో పుస్తకాల్లో చదివాను. చదివిన ప్రతిసారీ అదేదో మెత్తటి సంగతి అనుకున్నాను, చలికాలంలో దుప్పటిలాంటిది. ఆ నేల మీద చూశాక అలా అనుకోలేకపోయాను. మసిగాడికి ఆయన నేరం తెలియదు, నిజమే. కానీ పెంకులు తెలుసు, "ఆగు" తెలుసు, డొక్కలో దెబ్బా తెలిసింది. అయినా వచ్చాడు. అన్నీ తెలిసినవాడొకడు అలాగే వస్తే? తెగిన చేత్తోనే వచ్చి మన ఎదురుగా కూర్చుంటే? తప్పొప్పులు కొలబద్దతో కొలిచే దేవుడికి ఆయన ఏదో ఒకటి చెప్పుకోగలడు, శిక్షకు తలవంచగలడు. కొలవకుండా వచ్చే దేవుడి ముందు మనిషికి దాక్కునే చోటు ఉండదు. మూడు నెలలుగా ఆయన పారిపోతున్నది ఆ దేవుడి నుంచేనని నాకు అప్పుడు తట్టింది. నేను ఆగిపోయిన ఆ నాలుగు అడుగులకూ కారణం దాక్కోవాలన్న ఆ భయమేనేమో.

మరునాడు నేను దుకాణంలో ఉండగానే ఆయన తోడల్లుడికి ఫోను చేశాడు. మసిగాడి కట్టు మారుస్తూ, ఫోను బల్ల మీద పెట్టి స్పీకరు వేశాడు.

"అన్నయ్యా, నేను రాలేను. మా కుక్కకు కాళ్ళు బాగాలేవు."

"కుక్కకా? నీకు మతిపోయిందా తమ్ముడూ? వాళ్ళ కాళ్ళూ వీళ్ళ కాళ్ళూ పట్టుకుని నేను పని చూస్తే, నువ్వు కుక్క కాళ్ళు పట్టుకు కూర్చుంటావా? ఎన్నాళ్ళు?"

"మానేదాకా."

"సరే, మానాక?"

ఆయన గుడ్డపట్టీ ముడివేస్తూ ఆలోచించాడు. "మానాక కూడా రాలేను. అమ్మాయి నన్ను తిట్టాల్సింది చాలా ఉందట. అవి వినాలి."

తిట్లు ఆ సాయంత్రమే మొదలయ్యాయి. పై వాటాకు మాటలు తెలియలేదుగాని గొంతు వినబడింది. ఆమె మధ్యలో ఏడ్చింది, మళ్ళీ అందుకుంది. ఒకచోట ఏదో గట్టిగా అంది, ఆ తర్వాత ఇంట్లో చాలాసేపు చప్పుడు లేదు. దుకాణం తలుపు తెరుచుకుంటుందేమోనని నేను కిటికీ దగ్గర నిలబడి చెవి ఒగ్గాను.

ఆయన లేచి బయటికి రాలేదు.