పొయ్యి మీద ఉండిపోయిన అన్నం

నూలు మిల్లు క్యాంటీన్‌లో ముప్ఫై మూడేళ్లు వంట చేసిన ఆవిడను అందరూ పెద్దక్క అనేవారు. ఆమెకంటే పదేళ్లు పెద్దవాళ్లకు కూడా ఆమె పెద్దక్కే. ఆమె చేతివంటకు పేరుంది, ఆమె ముక్కుకు అంతకంటే ఎక్కువ పేరుంది. పాల క్యాను మూత తీసి ఒక్కసారి గాలి పీల్చి, "మధ్యాహ్నం దాకా ఆగుతాయి, ఆ తర్వాత విరుగుతాయి" అనేది. విరిగేవి. స్టోర్సు గుమాస్తా ఇంట్లోని నూనె డబ్బా తెచ్చి ఆమె ముందు పెట్టి, "పెద్దక్కా, వాసన చూసి ఓ సంతకం పడేయ్" అనేవాడు. ఒకసారి భోజనానికొచ్చిన మేనేజరు, "ల్యాబుకి పంపిస్తే వారం పడుతుంది, ఈవిడ ముక్కుకైతే నిమిషం చాలు" అని అందరి ముందూ నవ్వాడు. ఆ మాట ఆమె చాలా కాలం మనసులో దాచుకుని మురిసిపోయింది.

ఆ ముక్కు ఊరికే పదునెక్కలేదు. తండ్రి అదే మిల్లులో బాయిలరు దగ్గర పనిచేసేవాడు. తల్లి పోయిన రెండేళ్లకు ఆయనా పోయాడు. అప్పటికి ఆమెకు పదహారు, చెల్లెలు చిట్టికి ఆరు. తండ్రి బదులుగా మిల్లువాళ్లు ఆమెను క్యాంటీన్‌లో గిన్నెలు తోమడానికి పెట్టుకున్నారు. జీతం గది అద్దెకూ చిట్టి బడికీ పోయేది. కడుపు సంగతి క్యాంటీన్ చూసుకునేది. సాయంత్రం గిన్నెల అడుగున మిగిలిన అన్నం, కూర అల్యూమినియం క్యానులో నింపుకుని ఇంటికి తెచ్చేది. సగం ఆ పూటకు, సగం పొద్దుటికి. ఫ్రిజ్ మాట దేవుడెరుగు, తలుపు సరిగ్గా మూసుకునే అలమారా కూడా లేదు. క్యానుకు తడిగుడ్డ చుట్టి కిటికీలో పెట్టేది.

పొద్దున్నే చిట్టి కంచం ఒళ్లో పెట్టుకుని అక్క ముఖంలోకి చూస్తూ కూర్చునేది. అక్క మూత తీసి వాసన చూసి "ఊఁ" అంటే తిండి ఉన్నట్టు. ముఖం పక్కకు తిప్పితే ఆ పూట మంచినీళ్లే. చిట్టికి అప్పుడప్పుడు కడుపునొప్పి వచ్చేది. పరీక్షలంటే భయమనుకునేవారు ఇద్దరూ.

చిట్టి చదువుకుంది. పోస్టాఫీసులో కౌంటరు ఉద్యోగం తెచ్చుకుంది. పెద్దక్క గిన్నెల దగ్గర నుంచి పొయ్యి దగ్గరకొచ్చి, పొయ్యి దగ్గర నుంచి క్యాంటీన్ మొత్తానికీ పెద్ద దిక్కయింది. ఇద్దరికీ పెళ్లి మాటలు వచ్చాయి, పోయాయి. ఆ కథ వేరు. సైకిళ్ల షాపు మీద రెండు గదుల ఇంట్లో అక్కాచెల్లెళ్లు ఒకరికొకరై బతికారు. ఫ్రిజ్ కొన్నారు. అయినా పెద్దక్క అన్నం పారేసిన రోజు లేదు. గిన్నె అంచుకంటిన నాలుగు మెతుకులు కూడా నీళ్లు పోసి కడుక్కుని తాగే మనిషి.

చిట్టికి ముప్ఫై ఎనిమిదో ఏట కిడ్నీలు పాడయ్యాయి. పెద్దక్క మరో ఆలోచన లేకుండా తన కిడ్నీ ఇవ్వడానికి పరీక్షలు చేయించుకుంది. ఆమెది సరిపోతుందన్నారు. ఆపరేషన్ అయిన నాలుగో రోజున వీల్‌చైరులో చెల్లెలి మంచం పక్కకు వచ్చి, "చిన్నప్పుడు క్యాంటీన్‌లో మిగిలింది పెట్టాను, ఇప్పుడు నా ఒంట్లో ఎక్కువున్నది పెట్టాను. ఇక నా దగ్గర ఏమీ లేదే తల్లీ" అంది. కుట్లు లాగుతున్నా చిట్టి ఆపుకోలేక నవ్వింది.

ఇంటికి పంపేముందు ఆహారం గురించి చెప్పే అమ్మాయి ఒకామె ఇద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టుకుంది. కొత్త కిడ్నీని శరీరం పరాయిదని తోసెయ్యకుండా చిట్టి జీవితాంతం మాత్రలు వేసుకోవాలి. ఆ మాత్రలు రోగాలతో పోరాడే శక్తిని తగ్గిస్తాయి. అందుకని మామూలువాళ్లు తిని అరిగించుకునేది కూడా ఆమెకు ముప్పే కావచ్చు.

"వండిన అన్నం రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లోకి వెళ్లిపోవాలి. రాత్రంతా బయట ఉన్నది మాత్రం వద్దండీ, వేడి చేసినా సరే" అంది ఆ అమ్మాయి.

పెద్దక్క నవ్వింది. "అమ్మాయ్, సలసలా మరిగిస్తే ఏ క్రిమి బతుకుతుంది?"

"కొన్ని క్రిములు చచ్చినా అవి వదిలిన విషం చావదండీ. ముఖ్యంగా అన్నంలో. ఎంత వేయించినా పోదు."

"నాకు వాసన తెలిసిపోతుందిలే."

"దానికి వాసన ఉండదు పెద్దమ్మా."

పెద్దక్కకు ఆ మాట నచ్చలేదు. ముప్ఫై ఏళ్లుగా నాలుగొందల మందికి పెట్టి ఒక్కరినీ మంచాన పడెయ్యని మనిషికి, నిన్నగాక మొన్న చదువు పూర్తిచేసిన పిల్ల పాఠం చెబుతోంది! ఆ అమ్మాయి ఇచ్చిన కాగితం చిట్టి ఫ్రిజ్ తలుపుకు అతికించింది. పెద్దక్క దాని పక్క నుంచే వస్తూ పోతూ ఉండేది కానీ ఒక్కసారి కూడా పూర్తిగా చదవలేదు.

ఏడాదిన్నర బాగానే గడిచింది. చిట్టి మళ్లీ కౌంటరులో కూర్చుంది. తినే ముందు అడిగేది, "ఇది ఎప్పటిది అక్కా?" మొదట్లో పెద్దక్క సరిగానే జవాబిచ్చేది. రానురాను ఆ ప్రశ్న ఆమెకు ముల్లులా గుచ్చుకోసాగింది. ఒక ఆదివారం, మిల్లులో పని ఎక్కువై ఒళ్లు హూనమై ఉన్న రోజున, చిట్టి కంచం ముందు కూర్చుని మామూలుగానే అడిగింది. పెద్దక్క గరిటె గట్టిగా బల్ల మీద పెట్టింది.

"నా కిడ్నీ పెట్టుకుని తిరుగుతున్నావు, నా చేతి అన్నం పనికిరాదా నీకు?"

నోరు జారిందని అప్పుడే తెలిసింది ఆమెకు. తెలిసినా వెనక్కు తీసుకోలేదు. చిట్టి తల వంచుకుని తింది. ఆ రోజు నుంచి మళ్లీ అడగలేదు. హమ్మయ్య, పిల్లకు బుద్ధొచ్చిందనుకుంది పెద్దక్క.

ఆ తర్వాత పది రోజులకు, ఎండలు మండిపోతున్న రోజుల్లో, మిల్లులో రెండు షిఫ్టులకూ తనే వండి ఇంటికొచ్చింది. అన్నం వండింది, ఇద్దరూ తిన్నారు. మిగిలినది చల్లారాక ఫ్రిజ్‌లో పెడదామని ఐదు నిమిషాలు నడుం వాల్చింది. లేచేసరికి తెల్లారింది.

అన్నం గిన్నె మూతతో సహా పొయ్యి మీదే ఉంది. మూత తీసి వాసన చూసింది. శుభ్రంగా ఉంది. మెతుకు నలిపి చూసింది, జిగురు లేదు. నోట్లో వేసుకుంది, కమ్మగానే ఉంది. ఒక క్షణం ఫ్రిజ్ తలుపు మీది కాగితం వైపు చూపు పోయింది. ఇంత అన్నం పారబొయ్యడమా? చేతులు రాలేదు. ఉల్లిపాయ తరిగి, రెండు గుడ్లు కొట్టి, పెద్ద మంట మీద వేయించింది. ఇల్లంతా ఘుమఘుమలాడింది. చిట్టి స్నానం చేసి వచ్చి కూర్చుంది. పెద్దక్క ఎదురుగా నిలబడి వడ్డించింది. తనూ కొంచెం తింది.

పదకొండింటికి పోస్టాఫీసు నుంచి ఫోను. చిట్టి కౌంటరు వదిలి మూడుసార్లు పరుగెత్తిందట, ఇప్పుడు లేవలేకుండా ఉందట. పెద్దక్క ఆటోలో వెళ్లి ఇంటికి తెచ్చుకుంది. తనకు కడుపులో కాస్త తిప్పింది, అంతే. చిట్టిది ఎండదెబ్బ అంది. ఉప్పు, చక్కెర కలిపిన నీళ్లు పట్టింది. పట్టినవి పట్టినట్టే బయటికొచ్చాయి, వాటితోపాటు కిడ్నీని కాపాడే మాత్రలూ వచ్చేశాయి. "ఆసుపత్రికి ఫోను చేద్దాం అక్కా" అని చిట్టి రెండుసార్లు అంది. "సాయంత్రానికి తగ్గుతుందిలే" అంది పెద్దక్క. ఎందుకలా అందో ఆమెకు లోపల తెలుసు. ఆసుపత్రిలో మొదట అడిగే ప్రశ్న ఏమిటో కూడా తెలుసు. మర్నాటి పొద్దుటికి చిట్టి పెదవులు ఎండిపోయి, పిలిస్తే ఆలస్యంగా పలకసాగింది. అప్పుడు తీసుకెళ్లింది.

"ఏం తిన్నారు?" అని డాక్టరు అడగనే అడిగాడు.

"ఇంట్లో అన్నమే, బాబూ. తాజాది." అక్కడితో ఆగినా బాగుండేది. "ఆఫీసులో ఎవరో కేకు పంచారట" అని కూడా అంది.

కేకు పంచింది చిట్టి పక్క కౌంటరులోని అమ్మాయి, పుట్టినరోజని. ఆ అమ్మాయి సాయంత్రం ఆసుపత్రికి పరుగెత్తుకొచ్చి గుమ్మం దగ్గరే ఏడ్చేసింది. "నా కేకు వల్లేనంటున్నారు పెద్దక్కా. మా పిల్లలు కూడా తిన్నారు, వాళ్లకేం కాలేదు. మరి ఇలా ఎందుకైంది?" అంటూ ఆమె చేతులు పట్టుకుంది. ఆ చేతులు విడిపించుకుని పెద్దక్క నేరుగా డాక్టరు గదిలోకి వెళ్లింది. నిలబడే చెప్పింది.

"రాత్రి వండిన అన్నం బాబూ. తెల్లవార్లూ బయటే ఉంది. నేనే వేయించి పెట్టాను. కేకు సంగతి అబద్ధం."

డాక్టరు తిట్టలేదు. "ఈ మాట పొద్దున్న చెప్పాల్సిందమ్మా" అన్నాడు. ఆయన తిట్టినా అంత నొప్పి ఉండేది కాదేమో.

చిట్టి పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉంది. ప్రాణానికి ఇబ్బంది లేదన్నారు. కిడ్నీ మాత్రం బాగా దెబ్బతింది, సగం పనికి దిగింది. ఆరో రోజున, సెలైను తీసి చెల్లెలు కాస్త కూర్చున్నాక, పెద్దక్క మంచం అంచున కూర్చుని చెప్పింది.

"చిట్టీ, అది రాత్రి అన్నం."

"తెలుసక్కా."

"డాక్టరు చెప్పాడా?"

"లేదు. పొద్దున్నే ఆరింటికి మాత్రలకని లేచాను కదా. గిన్నె పొయ్యి మీద ఉంది. ముట్టుకుంటే చల్లగా ఉంది."

"తెలిసి తెలిసి ఎందుకు తిన్నావే?"

చిట్టి దుప్పటి అంచు మడిచింది, విప్పింది. "నువ్వు ఎదురుగా నిలబడి ఉన్నావు. మళ్లీ ఆ మాట అంటావేమోనని."

అంతే అంది. నిష్ఠూరంగా కూడా అనలేదు. వార్డులో ఎవరో రేడియో పెట్టారు, నర్సు వచ్చి తగ్గించమంది. పెద్దక్క చెల్లెలి పాదాల మీద చెయ్యి వేసి అలాగే కూర్చుండిపోయింది. ఫ్రిజ్ మీది కాగితం, ఆ పిల్ల చెప్పిన మాటలు, తనకు తగ్గని పంతం, అన్నీ ఒక ఎత్తు. అడిగే నోరును తనే మూయించడం ఇంకో ఎత్తు. దానికి ఏ డాక్టరూ మందివ్వలేడు. చిన్నప్పుడు చిట్టికి వచ్చిన కడుపునొప్పులు కూడా ఒక్కొక్కటే గుర్తుకొచ్చాయి. ఆ రోజుల్లో గత్యంతరం లేదు, నిజమే. మరి ఇప్పుడేమైంది? బియ్యం డబ్బా నిండుగా ఉంది, గ్యాసు ఉంది, పావుగంటలో వేరే అన్నం ఉడికేది.

మూడేళ్ల తర్వాత ఆ కిడ్నీ పూర్తిగా ఆగిపోయింది. ఆపరేషన్‌కు ముందులాగే చిట్టిని మళ్లీ వారానికి మూడు రోజులు రక్తం శుద్ధి చేసే మిషను మీద పడుకోబెట్టాల్సి వచ్చింది. పెద్దక్క డాక్టరును అడిగింది, "అప్పటి ఆ అన్నం వల్లేనా బాబూ?" ఆయన కాగితాల వైపు చూసి, "అదొక్కటే అని చెప్పలేనమ్మా. కాదని కూడా చెప్పలేను" అన్నాడు. ఆ జవాబుతోనే ఆమె మిగిలిన కాలం గడపాలి.

మిల్లు ఉద్యోగం అంతకు రెండేళ్లు ముందే మానేసింది. మానేముందు ఆహారం గురించి చెప్పే ఆ అమ్మాయిని వెతుక్కుంటూ వెళ్లి, క్యాంటీన్‌కు పిలిచి, వంటవాళ్లందరినీ కూర్చోబెట్టి మళ్లీ అంతా చెప్పించింది. తను వెనక వరసలో కూర్చుని, ఈసారి రాసుకుంది. ఎందుకు పిలిపించిందో వంటవాళ్లలో ఎవరికీ తెలియదు. స్టోర్సు గుమాస్తా, "పెద్దక్క ముక్కుండగా మాకీ చదువులెందుకు?" అని నవ్వించబోతే, "ఆ ముక్కును నమ్మకండి" అంది. ఆమె గొంతు విని ఎవరూ నవ్వలేదు.

ఇప్పుడు చిట్టి మిషను నుంచి వచ్చేసరికి పెద్దక్క పొయ్యి వెలిగిస్తుంది. చెల్లెలు వచ్చి కూర్చున్నాక, కళ్ల ముందే గిన్నె దించుతుంది. అడగవే, ఎప్పటిదో అడుగు అని ఎన్నోసార్లు బతిమాలింది. ఒట్టు వేయించుకుంది. చిట్టి సరేనంటుంది, కంచం ముందుకు జరుపుకుంటుంది, అడగదు. అందుకని ఒక్కో గరిటె వడ్డిస్తూ పెద్దక్కే చెబుతుంది, "ఇప్పుడే వండాను. ఇదుగో, ఆవిరి చూడు."

"చూస్తున్నానక్కా" అంటుంది చిట్టి, కంచంలోకే చూస్తూ.