బంద్ రోజుల్లో నేర్చుకున్న గేర్లు

తెలంగాణ ఉద్యమం రోజుల్లో బంద్ అంటే హైటెక్ సిటీలో అందరికీ పరేషానే. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు నాకు మాత్రం పండగ. ఖాళీ రోడ్ల మీద టిప్పర్ తోలడం నేర్చుకోవచ్చు. నేను కడపలో ఆటో నడిపినవాణ్ని. పునాదుల మట్టి తోలించే ఒక కాంట్రాక్టరుకు డ్రైవరు కావాలి. గేర్లు సరిగ్గా వేసి చూపిస్తే ఉద్యోగం నాది, లేకపోతే మళ్లీ కడప బస్సే.

కాంట్రాక్టరు నన్ను అప్పటికి చూడనైనా లేదు, కొత్తవాడొకడు నేర్చుకుంటున్నాడని విన్నాడంతే. ఆయన దగ్గర పాత డ్రైవరు, శేరిలింగంపల్లి మనిషి, నాకు గురువు. ఉద్యమమంటే అతనికి ప్రాణం. నన్ను "ఆంధ్రోడా" అని తిట్టేవాడు. మాది సీమ అంటే "రెండూ ఒక్కటే" అనేవాడు. ఆ తిట్లతోపాటే తన డబ్బాలో అన్నం సగం పెట్టేవాడు.

ఆ ముసలి బండికి క్లచ్ ఒకసారి తొక్కితే చాలదు. తొక్కి న్యూట్రల్‌కు తెచ్చి, వదిలి, మళ్లీ తొక్కి గేరు వేయాలి. నాది ఆటో అలవాటు.

"గేరు పడల్యా అన్నా."

"ఎట్ల పడ్తది? ఒక్కసారే తొక్కితివి. దాని పండ్లు రాల్తయ్!"

ఒక బంద్ రోజు అద్దాల మేడల ముందు గురువు కిందికి దిగి, బండి వెనక్కి తిప్పమన్నాడు. సగం తిరిగాక సెకండు నుంచి ఫస్టుకు తేబోయాను. గరగరమని అరిచి, బండి రోడ్డుకు అడ్డంగా ఆగిపోయింది. అంతలో నినాదాలతో ఊరేగింపు వచ్చింది. నోరు తెరిస్తే నా యాస బయటపడుతుందని బిగుసుకుపోయాను. వాళ్లేమో చప్పట్లు కొట్టారు. రోడ్డు బంద్ చేయడానికే బండి అడ్డం పెట్టాననుకున్నారు. ముందు నడుస్తున్నది మా గురువు తమ్ముడే. డిగ్రీ చదివి, ఉద్యోగం దొరక్క ఉద్యమంలోకి వచ్చినవాడు. బండెక్కి తన కండువా తీసి నా మెడలో వేశాడు.

"గిట్లనే ఉండు అన్నా, జర గూడ కదలకు!"

కదలడం వస్తే కదా!

వెనక ఆగిన రెండు మూడు కార్లలో ఒకదాంట్లోంచి మా కాంట్రాక్టరే దిగాడు. కోస్తా మనిషి. తన బండినీ, నా కండువానూ చూశాడు. ఇక కడప బస్సే అనుకున్నాను. ఆయన దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు.

"ఉద్యమంలో మీరింత ముఖ్యులని తెలియదండీ. రేపట్నుంచి బండి మీదే. మీరుంటే మా బండ్లను ఎవరూ ఆపరు."

గేర్ల ఊసే ఎత్తలేదు. నాకు ఎగిరి గంతేయాలనిపించింది.

జనం వెళ్లిపోయాక గురువు తన తమ్ముడికి జరిగిందంతా చెప్పాడు, నా ఊరితో సహా. అతను పడీపడీ నవ్వాడు. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. కండువా తీసి ఇవ్వబోయాను.

"ఉంచుకో అన్నా," అన్నాడు. "గిన్ని దినాలు నేను ఏసుకొని తిరిగిన, నౌకరి రాలె. నువ్వు జరసేపు ఏసుకుంటే వచ్చె."