పేరు మార్చుకోని పెంటమ్మ

పెంటమ్మకు ముందు పుట్టిన ఇద్దరు పిల్లలు పురిట్లోనే పోయారు. అందుకని ఆమె పుట్టగానే చాటలో వేసి పెంటకుప్ప మీద పడుకోబెట్టి, మళ్లీ ఎత్తుకొచ్చి ఆ పేరు పెట్టారు. అలా చేస్తే చావుకు రోత పుట్టి వదిలేస్తుందని నమ్మకం. చావు వదిలేసింది కానీ మనుషులు వదల్లేదు. సిరిసిల్ల వైపు నుంచి వచ్చి సూరత్‌లో మరమగ్గాల సాంచెలు నడిపే నర్సింగానికి ఇచ్చి పెళ్లి చేశాక, అక్కడి డిండోలి గల్లీలో తెలుగు పిల్లలు ముక్కు మూసుకుని ఆమెను పిలిచేవాళ్లు.

పెంటమ్మకు పిల్లలు కలగలేదు. నర్సింగం వాళ్ల అన్న చనిపోయాక ఆ కుటుంబానికి పెద్దదిక్కు వదిన బాలవ్వే. ఎవరింట్లో తొట్టెల పండుగ జరిగినా ఆమె పెంటమ్మను వెనక గదిలోకి పంపేది.

"పెంటీ, నువ్వు జర లోపల్నే ఉండు. పసిగుడ్డు, మంచిగుండదు. ఏమనుకోకు."

పెంటమ్మ ఏమీ అనుకోనట్టే లోపల కూర్చుని అంట్లు తోమేది. గుడిలో అర్చన చేయిస్తే భర్త పేరు, భర్త గోత్రం చదివేవాళ్లు. సతీసమేతంగా అన్న మాటలో ఆమె ఎక్కడో ఉండేది.

లాక్‌డౌన్‌లో కార్ఖానాలు మూతపడ్డాయి. చీరల దారాలు కత్తిరించే పని కూడా లేక, ఇంట్లో పొయ్యి వెలగని రోజున గల్లీ చివర ఇడ్లీ బండి పెట్టుకునే పద్మారాణి తలుపు తట్టింది. నరసాపురం మనిషి. ఆదివారాలు తన ఇంట్లో ప్రార్థన పెట్టించేది.

"పెంటమ్మగారూ, కిచిడీ వండాను. గిన్నె తెచ్చుకోండి" అంది.

గారు అన్న మాట తన పేరు పక్కన పెంటమ్మ ఎన్నడూ వినలేదు. మర్నాడు గిన్నె తిరిగి ఇవ్వబోతే లోపల పద్మారాణి మోకాళ్ల మీద ఉంది. "ప్రభువా, మా పెంటమ్మ నీ బిడ్డ. ఆవిడ ఆకలి నీకు తెలుసు" అంటోంది. పెంటమ్మ గడప దగ్గరే ఆగిపోయింది. తన పేరు దేవుడి ముందు ఒకరు పలుకుతున్నారు. ఒకరి పెళ్లాంగా కాదు, కడుపు పండని కోడలిగా కాదు. బిడ్డ అన్నారు. గిన్నె అక్కడే పెట్టి, గోడకు తల ఆనించి ఏడ్చింది.

ఆ తర్వాత ఆమె వెళ్తూనే ఉంది. బాప్తిస్మానికి నీళ్లలో మునిగే రోజున పాస్టరు మరియమ్మ అని కొత్త పేరు పెడదామా అని అడిగాడు. చిన్నప్పటి నుంచి ఆమె కోరుకున్నది అదే. అయినా, "వద్దయ్యా. ఆయన నన్ను గీ పేరుతోనే గుర్తువట్టిండు గదా" అంది.

గల్లీలో తిండికి అమ్ముడుపోయిందన్నారు. గురుద్వారా వాళ్లు పంచిన రొట్టెలు బాలవ్వ ఇంట్లోనూ తిన్నారు. బాలవ్వను ఎవరూ సిక్కు అనలేదు. నర్సింగం మాత్రం, "నా ముంగట పాటలు పాడకు. నీ ఇష్టం" అని ఊరుకున్నాడు. అతను నోరు పెద్దది చేసే మనిషి కాదు.

రెండో ఏడాది ఎండాకాలంలో కరోనా మళ్లీ విరుచుకుపడింది. బాలవ్వ మంచం పట్టింది. ఆసుపత్రిలో మంచం దొరకలేదు. అడాజన్ వైపు ఫ్లాట్లో ఉండే ఆమె కొడుకు రవీంద్ర మందుల సంచీ గుమ్మంలో పెట్టి, స్కూటర్ దిగకుండానే వెళ్లిపోయాడు. చుట్టాలు ఫోన్లు ఎత్తడం మానేశారు. పెంటమ్మ ముక్కుకు కొంగు చుట్టుకుని లోపలికి వెళ్లింది.

జ్వరంలో కళ్లు తెరిచిన బాలవ్వ, "నువ్వా? ఇంకెవ్వరు దొరకలేదా" అంది.

పెంటమ్మ గంజి తాగించింది. ఒళ్లు తుడిచింది. మంచంలోనే అయిన మలమూత్రాలు ఎత్తిపోసింది. బాలవ్వ బతికింది. ఆమె లేచి గుమ్మంలో కూర్చున్న వారానికే నర్సింగానికి ఆయాసం పట్టుకుంది. ఆక్సిజన్ కోసం పెంటమ్మ, పద్మారాణి ఆటోలో ఊరంతా తిరిగారు. ఉధ్నా రోడ్డు మీద, ఆటోలోనే, పెంటమ్మ ఒళ్లో నర్సింగం పోయాడు.

శ్మశానంలో బారులు తీరిన శవాల మధ్య రవీంద్ర కొరివి పెట్టాడు. పెంటమ్మను గేటు బయటే ఆపేశారు. కిరస్తానీకి ఇక్కడేం పని అన్నారు. పాస్టరు తన ఇంట్లోనూ జ్వరాలున్నాయని ఫోన్లోనే ప్రార్థన చేశాడు.

పదో రోజున మాత్రం అదే చుట్టాలు ఆమెను వెతుక్కుంటూ వచ్చారు. గాజులు పగలగొట్టాలట.

"గేటుకాడ నేను మీ మనిషిని గాదంటిరి. గాజులకెట్లయిన?" అంది పెంటమ్మ.

అప్పుడు బాలవ్వ అందరి ముందూ నోరు విప్పింది. "రోగం మోసుకొచ్చి నా మరిదిని మింగింది. పుట్టుకే పెంటకుప్ప, దేవుణ్ణి మారిస్తే నుదురు మారుతదా?"

"అక్కా, ఆ రోగం నాకు యాడ అంటింది? నీకు గంజి తాపింది ఎవరు?"

బాలవ్వ ముఖం తిప్పుకుంది. పెంటమ్మ గాజులు తీయలేదు. తనను ఎవరు ఏమని పిలిచినా తానెవరో ఆమెకు తెలిసిపోయింది. తెలిశాక ఆ ఇంట్లో నిలబడటం కష్టమైంది. కిరాయి గది సైతం బాలవ్వ తమ్ముడిదే. నెల తిరక్కుండా ఖాళీ చేయించారు.

ఇప్పుడామె సూరత్‌లోనే కోసాడ్ క్వార్టర్లలో ఒక గదిలో ఉంటోంది. దారాలు కత్తిరించడానికి చీరల మూటలు ఇంటికే తెచ్చుకుంటుంది. ఆదివారం పద్మారాణి వచ్చి కలిసి ప్రార్థన చేస్తుంది. ప్రార్థనలో పెంటమ్మ పాస్టరు పేరు చెబుతుంది, రవీంద్ర పేరు కూడా చెబుతుంది. బాలవ్వ పేరు దగ్గరికి వచ్చేసరికి నోరు పెగలదు.

"క్షమించాలండీ. లేకపోతే ఆ చేదు మిమ్మల్నే తినేస్తుంది" అంది పద్మారాణి ఒకసారి.

"నాతోని అయితలేదు రాణమ్మా. గంజి పోసిన, పీతి ఎత్తిన, నా మనిషిని పోగొట్టుకున్న. అయినా గామె నోటికెంచి ఒక్క మంచి మాట రాలేదు. దేవుడు నన్ను ఎరిగినోడే గదా, నా కోపం గూడ ఎరిగే ఉంటడు."

పెంటమ్మ లేచి, ఒళ్లో పడ్డ దారపు ముక్కలు దులిపి, చాయ్ పెట్టడానికి వెళ్లింది.