నెహెమ్యా చూపిన గోరీ

నెహెమ్యా నోటికి ‘లేదు’ అనే మాట తిరగదు. డెబ్బై ఆరేళ్లు వచ్చాయి. నారాయణఖేడ్ సమాధుల తోటకు కాపలా ఆయనే, గుంతలు తవ్వేదీ ఆయనే. ఏది అడిగినా ‘ఉన్నది’ అంటాడు.

బస్టాండులో ఎవరైనా కంగ్టికి బస్సుందా అని అడిగితే ఉన్నదంటాడు. వాళ్లు రెండు గంటలు నిలబడి, చివరికి ఆటో ఎక్కుతూ తిడతారు. “బస్సు ఉన్నది గద! డిపోల ఉన్నది,” అంటాడు.

“ఇంట్ల చక్కెరున్నదా అంటే ఉన్నదన్నడు సార్,” అని ఓసారి ఆయన భార్య రామవ్వ నాతో మొరపెట్టుకుంది. “చాయ మరిగినంక డబ్బ తీస్తే చీమలున్నయి.”

“చక్కెర లేంది చీమలెందుకొస్తయే?” అన్నాడు నెహెమ్యా.

మొన్నటి వానాకాలం ఒకాయన తల్లి పోతే, తోటలో జాగా ఉన్నదా అని అడిగారు. ఉన్నదన్నాడు. మూడు చోట్ల తవ్వితే మూడు చోట్లా ముందే ఎవరో ఉన్నారు. శవం టార్పాలిన్ కింద, పాస్టరు గొడుగు కింద, చుట్టాలు వానలో. నాలుగో గుంతలో ఎవరూ తగల్లేదు. “చెప్పిన గద,” అన్నాడు బురద తుడుచుకుంటూ.

అలాంటి మనిషి దగ్గరికి పోయిన జనవరిలో మార్గరెట్ అనే ఇంగ్లీషావిడను నేనే తీసుకుపోయాను. నేను ఇక్కడి కాలేజీలో ఇంగ్లీషు చెబుతాను కాబట్టి ఆమెను నా దగ్గరికి పంపారు. వయసు డెబ్బై దాటింది. నాలుగడుగులకోసారి ఆగి ఊపిరి తీసుకుంటోంది. ఆమె తాత హెరాల్డ్ విట్లీ నిజాం కాలంలో కంగ్టి వైపు రోడ్డు పని చేయించాడట. 1918 సెప్టెంబరులో డేరా నుంచి ఒక ఉత్తరం రాశాడు. ఆ తర్వాత ఏ కబురూ లేదు. రెండు ఊళ్ల చర్చి రిజిస్టర్లు తిరగేసినా పేరు దొరకలేదు.

“ఇక్కడ ఇంకో సంసారం పెట్టుకుని మమ్మల్ని వదిలేశాడని మా అమ్మ చనిపోయేదాకా అనుకుంది,” అంది మార్గరెట్. “నా ఊపిరితిత్తులు చెడిపోయాయి. ఇంకోసారి రాలేను. సమాధి కనబడితే చాలు.”

నేను నెహెమ్యాకు అంతా చెప్పాను. “ఈ దొర గోరీ ఉన్నదా తాతా?”

ఆయన నోట ఆ జవాబు ఆలస్యం కావడం అదొక్కసారే చూశాను. ఆమె చేతిలోని ఫోటోను, ముఖ్యంగా అందులోని బూట్లను, చాలాసేపు చూశాడు.

“ఉన్నది,” అన్నాడు.

వెనక గోడ పక్కన, తుమ్మచెట్టు దాటి, సున్నం వేసిన ఒక రాళ్ల దిబ్బ చూపించాడు. పేరు లేదు. మార్గరెట్ కర్ర పక్కన పెట్టి మోకాళ్ల మీద కూర్చోవడానికే చాలాసేపు పట్టింది. బంతిపూలు పెట్టింది. తల్లి ఫోటో తీసి రాళ్లకు చూపించింది.

“ఎలా పోయాడో అడగండి,” అంది.

“జ్వరం సార్. మూడు దినాలు పడుకున్నడు. ఆఖరికి బిడ్డను యాది చేసుకున్నడు,” అన్నాడు నెహెమ్యా.

“పక్కన ఎవరైనా ఉన్నారా?”

“ఉన్నరు. నోట్ల నీళ్లు పోసినోళ్లు ఉన్నరు.”

అదంతా ఇంగ్లీషులో చెప్పాను. ఆమె రాళ్లమీద చెయ్యి వేసి, “అయితే మమ్మల్ని వదిలిపోలేదు,” అంది. పోయేముందు నెహెమ్యా చేతులు పట్టుకుని, ఇంటికి చేరగానే పేరు చెక్కించిన రాయి పంపుతానంది.

కారు మలుపు తిరిగాక అడిగాను. “నిజంగా దొరదేనా తాతా?”

“దొరకు గోరీ ఎక్కడిది సార్! బూట్ల దొర అంటుండె ఆయనను మా నాయిన. జ్వరమొస్తే నౌకర్లందరు ఉరికిన్రు. సచ్చినంక ఊరోళ్లు డేరాతోనే కాలబెట్టిన్రట. గాలికి పోయిండు.”

“మరి ఇదెవరిది?”

“మా తాతది. సంగప్ప. గా రోడ్డు మీదనే కూలి. జ్వరంల గడ్డపార కింద పెట్టిండని దొర బూటుతోని తన్నిండు. మూడు దినాలు పడుకున్నడు. బిడ్డను యాది చేసుకున్నడు.”

నా నోటితోనే సంగప్ప చావును విట్లీ పేరున చెప్పాను.

“ఆమెకు చెప్పొద్దా తాతా ఇది?”

“గా ముసలామె తన్నిందా సార్? ఊపిరాడక ఊపిరాడక అంత దూరం నుంచొచ్చింది. వాళ్ల తాత ఉరికిపోలేదు, సచ్చిండు. గదైతే అబద్ధం కాదు గద.” వంగి బంతిపూలను గాలికి పోకుండా రాళ్ల సందుల్లోకి జరిపాడు. “నూరేండ్లు దాటినంక దొర ఇంట్లకెంచి ఒక్కరొచ్చి మా తాత కాడ మోకరించిన్రు. నేనెందుకు వద్దనాలె?”

“సరే. రేపు విట్లీ పేరుతో రాయి వస్తుంది. మీ తాత నెత్తిన ఆ పేరు పెడతావా?”

నెహెమ్యా తల గోక్కుని ఆలోచించాడు.

“నువ్వు ఆమెకు ఉత్తరం రాస్తవు గద సార్. రాయి జర మందంగ పంపమను. వెనుక దిక్కు గూడ చెక్కాలె.”