సందెవేళ పొగ

మా దీవి అంచున ఉన్న వండూర్‌లో మా అత్తగారింట సాయంత్రమైతే తలుపులన్నీ మూసేవారు. మూసి, పాత ఇనప తట్టలో కొబ్బరి డొక్కలు రాజేసి, పైన పచ్చి వేపాకు పడేసి, గదిగదికీ తిప్పేవారు. దోమలు పోవాలంటే పొగ బయటికి పోకూడదన్నది మా అత్త సిద్ధాంతం. దోమల సంగతి తెలియదు గానీ, పట్నం పక్క గరాచర్మలో టీచరుగారి అమ్మాయిగా ఫ్యాను కింద పెరిగిన నాకు మాత్రం ఊరొదిలి పారిపోవాలనిపించేది.

నేను నెల తప్పాక ఆ తట్టకి హోదా పెరిగింది. ముందు నా మంచం దగ్గరికే వచ్చేది. కళ్లు మండి సణిగితే, అమ్మతో నువ్వే చెప్పుకో అని మా ఆయన జెట్టీకి జారుకునేవాడు. బోటు నడిపే మనిషి కదా, తుపాను రాకముందే పసిగడతాడు.

నేనూ చెప్పలేకపోయాను. నోరు లేక కాదు, నా నోటి సంగతి వండూర్ బస్సు కండక్టర్లందరికీ తెలుసు. మా ఆయన కంటే ముందు అత్తకి ఒక ఆడపిల్ల పుట్టింది. కడుపుతో ఉండగా మలేరియా తగిలి, నెలలు నిండకుండానే కాన్పు వచ్చి, ఆ బిడ్డ ఏడవకుండానే పోయింది. అప్పటినుంచి ఆమెకి దోమంటే పగ. ఆ భయంతోనే పొగ వేస్తోందని తెలిసి వద్దని ఎలా అంటాను?

ఏడో నెల చెకప్‌కి ఆమే తోడొచ్చింది. సిస్టర్ టేపుతో పొట్ట కొలిచి, బిడ్డ కాస్త చిన్నగా ఉన్నట్టుంది, స్కాన్ చేయించుకోమంది. ఇంట్లో కట్టెల పొయ్యా, ఎవరైనా బీడీ కాలుస్తారా అని ఆమె హిందీలో అడుగుతుంటే, అత్త మధ్యలో అందుకుని, గ్యాసేననీ, పైగా తాను రోజూ తలుపులేసి మరీ పొగ వేస్తాననీ గొప్పగా చెప్పింది.

సిస్టర్ కోప్పడలేదు. తల్లి పీల్చే పొగ బిడ్డకీ చేటేనని, బిడ్డ బరువు తగ్గొచ్చని నెమ్మదిగా చెప్పింది. ఈ బిడ్డ చిన్నగా ఉండటానికి అదే కారణమని తాను అనలేనంది. పొగ మానేసి దోమతెర కట్టమని, నీళ్ల డ్రమ్ములకి మూతలు పెట్టమని, దోమల్ని మాత్రం తేలిగ్గా తీసుకోవద్దని పదేపదే చెప్పింది.

బస్సులో, నా పంతం నెగ్గిందని సంతోషించాల్సింది పోయి, అత్త ముఖం చూస్తే నాకు ఏడుపొచ్చింది.

ఆ సాయంత్రం దోమతెర తనే కట్టింది. తట్ట ముట్టుకోలేదు. గుమ్మంలో కూర్చుని నన్నడిగింది.

"అప్పుడు మాది ఒకటే గది. కట్టెల పొయ్యి నా మంచం పక్కనే, రోజంతా పొగే. పిల్లా, నువ్వు సదువుకున్నావు. నా కూతుర్ని తీసికెల్లిపోయింది జొరమా, పొగా?"

జ్వరమేనని టక్కున అనేశాను. ఆమె నా కళ్లలోకి చూసి, నిజం సెప్పు అంది.

"నాకు తెలీదత్తా. ఆ జ్వరమొక్కటే చాలు. పొగ సంగతి ఇప్పుడెవరూ చెప్పలేరు. అప్పుడు మీకు చెప్పినవాళ్లూ లేరు."

తలూపింది గానీ, ఆ రాత్రి అన్నం ముట్టలేదు.

నాకు నెలలు నిండాకే కూతురు పుట్టింది. బరువు కాస్త తక్కువే గానీ, దాని ఏడుపు జెట్టీదాకా వినపడి ఉంటుంది. మొదటిసారి తలంటాక పక్కింటావిడ అలవాటుగా సాంబ్రాణి పొగ పట్టుకొస్తే, అత్త గుమ్మంలోనే ఆపేసింది. పిల్లని కాళ్లమీద పడుకోబెట్టుకుని, పాత క్యాలెండరు అట్టతో విసురుతూ కూర్చుంది. తల ఎప్పుడో ఆరిపోయింది, చేయి నొప్పెడుతుంది, ఇక చాలన్నాను.

ఆమె చేయి ఆపలేదు.

"దీని మేనత్తకి గాలే అందలేదు," అంది. "దీనికి విసరనీ."