భాగ్యను అనిత చేసిన అక్షరం

2023 ఎండాకాలం. చిక్కడపల్లిలోని మా స్పీచ్ థెరపీ క్లినిక్‌కు యాదమ్మ తన కూతుర్ని తీసుకొచ్చింది. పాలమూరు నుంచి వచ్చి, దగ్గర్లోని బస్తీలో ఉంటూ బిల్డింగ్ పనులకు పోయే మనిషి. కుర్చీలో కూర్చోకముందే మొదలుపెట్టింది.

"మేడం, నా బిడ్డను దొంగ అన్నరు."

కూతురు భాగ్యకు పద్దెనిమిదేళ్లు. ఇంటర్ పాసై, సుల్తాన్ బజార్‌లో ఒక బట్టల దుకాణానికి సేల్స్ గర్ల్ ఉద్యోగం కోసం వెళ్లింది. యజమాని పేరు అడిగితే "అనిత" అంది. ఆధార్ కార్డులో భాగ్య అని ఉంది, ఫొటో చూస్తే చిన్నప్పటిది. ఎవరి కార్డు ఎత్తుకొచ్చావని అందరి ముందూ గదిమి పంపేశాడు.

ఎందుకలా చెప్పావని అడిగాను.

"గా పేరైతే అల్కగ వ... వస్తది మేడం."

భాగ్యకు నత్తి. 'భ' దగ్గర పెదాలు బిగుసుకుపోయి మాట బయటికి రాదు. దీన్ని మేం బ్లాక్ అంటాం. నత్తి ఉన్నవాళ్లకు సొంత పేరు చెప్పడమే పెద్ద గండం. మిగతా మాటలు మార్చుకోవచ్చు, పేరు ఎలా మారుస్తారు? ఈ పిల్ల అదీ మార్చేసింది!

ఊపిరి వదులుతూ, పెదాలు మెత్తగా కలిపి మాట మొదలుపెట్టడం నేర్పాను. ఆ తర్వాత వాలంటరీ స్టామరింగ్, అంటే కావాలనే నత్తిగా మాట్లాడడం. దాచుకోవడం మానేస్తే భయం తగ్గుతుంది, దానితోపాటే బిగుసుకోవడమూ తగ్గుతుంది. అశోక్ నగర్ టీ బండ్ల దగ్గర, ఉద్యోగ పరీక్షల కోచింగ్‌కు వచ్చే పిల్లల మధ్య నిలబెట్టి పేరు చెప్పించాను. అది విని యాదమ్మ అగ్గిమీద గుగ్గిలమైంది.

"నత్తి పోగొట్టుమంటే ఇంకింత నేర్పుతున్నరేంది మేడం?"

"జర ఆగమ్మా, నేను నేర్పేది ధైర్యం," అన్నాను. నా పని మీద నాకు ఏ అనుమానమూ లేదు.

నారాయణగూడలో తెలిసిన మెడికల్ షాపు ఉంది, అక్కడ ఉద్యోగానికి మాట్లాడతానన్నాను. భాగ్య ససేమిరా అంది.

"గా దుకాణానికే పోత. నే... నేను దొంగను గాదు."

నేను వెంట వెళ్లలేదు. దుకాణానికి వెళ్లిన రోజు సాయంత్రం తల్లీకూతుళ్లే వచ్చారు. యజమాని గుర్తుపట్టి, "మళ్లొచ్చినవా? ఇయ్యాల నీ పేరేంది?" అని వెటకారం చేశాడట.

"నువ్వేమన్నావు?"

"నాకు నత్తి ఉంది సార్, జర ఆగుండ్రి అన్న. భ... భ... భాగ్య అని చెప్పిన. గారోజు పేరు రాకనే అనిత అన్న అని గూడ చెప్పిన."

"మరి ఆయన?"

"గందరి ముంగటనే తప్పైంది బిడ్డా అన్నడు. సోమవారం నుంచి ప... పనికి రమ్మన్నడు."

యాదమ్మ కూతురి ఆధార్ కార్డును తన సంచిలో భద్రంగా పెట్టుకుంది.

భాగ్యకు నత్తి పోలేదు. ఇప్పటికీ చీరలు చూపిస్తూ మధ్యలో ఆగుతుంది, కొనేవాళ్లూ ఆగుతారు. ఉద్యోగాలకు తయారయ్యే పిల్లలు ఎవరొచ్చినా, నత్తి ఎక్కడ వస్తుందని ఇప్పుడు ముందుగా అడగను. ఏ మాట తప్పించుకోవడానికి ఏ మాట చెబుతున్నావు, అని అడుగుతాను. చాలామంది చటుక్కున తలెత్తి చూస్తారు. ఆ సంగతి వాళ్లు అంతవరకు కన్నతల్లికి కూడా చెప్పి ఉండరు.